ఏ భాషలో ఏడవాలి?

మాటకు మాట అక్కడికక్కడే అప్పజెప్పగలిగిన ఆడవాళ్ళను చూస్తే నాకు భలే అసూయ. నాకు జవాబులు ఎప్పుడూ ఆలస్యంగానే తోస్తాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టే వేళకు "అయ్యో, అప్పుడీ మాట అనవలసింది కదా!" అనిపిస్తుంది. ఇదీ అలాంటి ఆలస్యపు జవాబే. 2023 వేసవిలో లండన్‌లో మా అమ్మాయి ఇంటికి భోజనానికొచ్చిన ఒక పెద్దమనిషికి అప్పుడు చెప్పలేకపోయింది, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను.

ఆయన మనవాడే. ఇరవయ్యేళ్ళుగా అక్కడ ఉద్యోగం, సొంత ఇల్లు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచివాడు కూడాను. "ఆంటీ, ఈ దేశంలో ఇదొక పిచ్చి. మొగుడు కొట్టాడని వచ్చే ఆడవాళ్ళలో ఫార్సీ వాళ్ళకొక ఆఫీసు, కుర్దులకొక మనిషి, పంజాబీలకొక ఫోను! అందరికీ కలిపి ఒకటి పెడితే చాలదూ? అయినా బతకడానికొచ్చిన దేశం భాష నేర్చుకోకపోతే తప్పెవరిది?" అన్నాడు, మూడోసారి పులిహోర వడ్డించుకుంటూ.

నేనేమన్నాను? "కాస్త పెరుగు కూడా వేసుకో బాబూ" అన్నాను.

ఆ మాట ఎందుకొచ్చిందంటే, మా అమ్మాయి వాళ్ళ కింది వాటాలో ఒక ఇరాన్ కుటుంబం ఉండేది. ఆవిడ పేరు చెప్పను. నేను "ఖానుమ్" అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అది "అమ్మగారూ" లాంటి మర్యాద మాటట. షీరాజ్‌లో పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరు. మొగుడు ఎప్పటినుంచో లండన్‌లోనే ఉన్నాడు. ఈవిడనూ కొడుకునూ తెప్పించుకుని అప్పటికి రెండేళ్ళు. పిల్లాడికి తొమ్మిదేళ్ళు. బడికి వెళ్తున్నాడు కనక వాడికి ఇంగ్లీషు వచ్చేసింది. తల్లికి రాలేదు.

మా ఇద్దరి మధ్యా నడిచిన భాషల్లా గిన్నెలే. నేను పులిహోర పంపితే ఆవిడ కుంకుమపువ్వు వేసిన పరవాన్నం లాంటిది పంపేది. ఖాళీ గిన్నె తిప్పి పంపే అలవాటు మనకీ లేదు, ఆవిడకీ లేదు. మాది హైదరాబాదు కావడంతో ఇంకో తమాషా కూడా జరిగేది. నిజాము ఏలుబడిలో 1880ల దాకా ఆఫీసు భాష ఫార్సీయే కదా. ఆ మాటలు మన నోళ్ళలో అలా ఉండిపోయాయి. రోజు వాళ్ళదే, బజారు వాళ్ళదే, గులాబీ, పరదా, బందోబస్తు, రాజీనామా, దరఖాస్తు అన్నీ వాళ్ళవే. ఒక మాట దొరికినప్పుడల్లా ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు చూసి, ఆవిడ నాకు అర్థమవుతోందనే అనుకున్నాను.

ఒకరోజు మనవరాలికి టీకా వేయించడానికి అమ్మాయితో డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ ఖానుమ్ కనిపించింది. కుడి మణికట్టు ఇంత లావున వాచి ఉంది. కౌంటరు దగ్గర ఉన్నావిడ "ఎలా జరిగింది?" అని అడిగింది. పిల్లాడు తల్లికి ఫార్సీలో చెప్పాడు. ఆవిడ గొంతు తగ్గించి, గబగబా ఏదో చాలాసేపు చెప్పింది. మధ్యలో రెండుసార్లు "బాబా" అన్నది మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. పిల్లాడు బూటుకొనతో గోడను తంతూ కాసేపు మాట్లాడలేదు. తరవాత ఇంగ్లీషులో ఒకే ముక్క చెప్పాడు. "వంటింట్లో పడింది." ఆ కౌంటరావిడ అదే రాసుకుంది. ఆవిడ వెనక క్యూ ఉంది మరి.

పది వాక్యాలు ఒక్క ముక్క కావడం నేనూ చూశాను. పిల్లాడికి భాష చాల్లేదేమో అనుకున్నాను. ఇక ఆ "బాబా" సంగతంటారా? మా అత్తగారు గురువారం వస్తే షిర్డీ బాబాకు హారతివ్వనిదే కాఫీ ముట్టేది కాదు. ఆ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు కాపరం చేసిన దాన్ని. "పాపం, నొప్పికి తట్టుకోలేక దేవుణ్ణి తలుచుకుంటోంది" అనుకున్నాను.

ఆ వచ్చిన ఆదివారం చెత్తసంచి కింద పడేయడానికి దిగుతున్నాను. ఆ పిల్లాడు కిటికీలోంచి "బాబా!" అని కేకేశాడు. వీధిలో కారు తుడుచుకుంటున్న వాళ్ళ నాన్న తలెత్తి చూశాడు.

ఆ సంచి అలాగే పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయాను.

చూశారా! నాకు మనసు లేక కాదు, కళ్ళు లేక కాదు. ఆవిడ మొగుడి పేరు చెబుతుంటే నాకు ప్రార్థన వినిపించింది. ఇక ఆ కౌంటరావిడను అనడానికి నాకు నోరెక్కడిది? ఆ పిల్లాణ్ణి అనడానికి అంతకన్నా లేదు. "మా నాన్న విరిచాడు" అని ఊరివాళ్ళ ముందు చెప్పి, మళ్ళీ ఆ సాయంత్రం ఆ నాన్నతోనే కూచుని అన్నం తినాలి వాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడి నాలిక మీద పెట్టదగిన బరువేనా అది? డాక్టరు దగ్గర దుబాసీని అడిగే వీలు ఆ దేశంలో ఉంది. దానికి రోగి డబ్బు కట్టక్కర్లేదు. చుట్టాల చేత, పిల్లల చేత చెప్పించకండని వాళ్ళ ఆరోగ్యశాఖే రాసుకుంది. రాసుకున్నది కౌంటరు దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో దేవుడికే తెలియాలి.

సరే, పెద్దమనిషి గారి మాటకొద్దాం. భాష నేర్చుకోకపోతే తప్పెవరిది?

ఖానుమ్ లెక్కల టీచరండీ! తెలివి లేకనా? ఇంగ్లీషు క్లాసులో చేరతానంటే ఆయన "ఎందుకు? నేనున్నానుగా" అన్నాడట. ఎంత ముద్దుగా ఉందో చూడండి మాట! భార్యకు భాష రాకపోతే లాభపడేది ఎవరో, ఆ తప్పు వాళ్ళది. బ్యాంకు కాగితం ఆయన చదవాలి, బడి ఉత్తరం ఆయన చదవాలి, ఆవిడ వీసా ఎప్పుడు ముగుస్తుందో ఆయన చెప్పాలి. తాళం కప్ప లేకుండా వేసిన తాళం అది.

వాళ్ళ దేశంలో ఆ తాళానికి చట్టం కూడా తోడు. ఇరాన్ పౌరస్మృతి 1105వ అధికరణం ప్రకారం ఇంటి పెద్ద భర్తే. 1114 ప్రకారం అతను చూపిన ఇంట్లోనే భార్య ఉండాలి. 1117 ప్రకారం ఇంటి గౌరవానికి భంగమని చెప్పి ఆవిడ ఉద్యోగం మాన్పించవచ్చు. పెళ్ళయిన ఆడది పాస్‌పోర్టు తీసుకోవాలంటే మొగుడు ఒప్పుకోవాలన్న చట్టం 1973 నాటిది, షా కాలంలోదే. 2015లో ఇరాన్ మహిళల ఫుట్సల్ జట్టు కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ మలేషియాలో జరిగే ఆసియా పోటీలకు వెళ్ళలేకపోయింది. ఎందుకో తెలుసా? కొడుకు మొదటిరోజు బడికి వెళ్ళేటప్పుడు తల్లి ఇంట్లో ఉండాలని మొగుడు సంతకం పెట్టలేదు. దేశానికి కెప్టెన్ అయినా ఇంట్లో పన్నెండో ఆటగత్తెకు చెయ్యనంత గౌరవం! హింసనుంచి ఆడవాళ్ళను కాపాడే బిల్లు ఒకటి అక్కడ పదేళ్ళకు పైగా నలిగి, 2023 ఏప్రిల్‌లో గాని పార్లమెంటు సూత్రప్రాయంగా ఒప్పుకోలేదు. అఫ్గానిస్తాన్ ఆడవాళ్ళదీ దగ్గర దగ్గర ఆ భాషే. అక్కడ 2009లో చట్టమూ వచ్చింది, ఆశ్రయాలూ వెలిశాయి. 2021లో తాలిబాన్లు రాగానే ఆ తలుపులు మూతపడ్డాయి.

ఇది చదివి మనం ముక్కుమీద వేలేసుకోనక్కర్లేదు లెండి. మన దగ్గర మొగుడి క్రూరత్వం నేరమని శిక్షాస్మృతిలో ఎక్కింది 1983లో. గృహహింస చట్టం వచ్చింది 2005లో. దానికి ముందు మన అమ్మమ్మలు ఎవరితో చెప్పుకున్నారు? తులసికోటతో.

రెండో మాట. అందరికీ కలిపి ఒకటి పెడితే చాలదూ?

ఇక్కడే ఆ పెద్దమనిషికి ఎక్కువ చెప్పాలి. ఫార్సీవాళ్ళకు "తారోఫ్" అని ఒక మర్యాద ఉంది. ఏదైనా ఇస్తే మొదట వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మన ఇళ్ళలో "ఇంకొంచెం వడ్డించనా" అంటే "అబ్బే, చాలు చాలు" అంటాం చూశారూ, అలా. ఇప్పుడొక ఆఫీసులో ఒకామె చాలా దయగా "మీకు సాయం కావాలా?" అని అడిగిందనుకోండి. ఈవిడ "వద్దండీ, మీకు శ్రమ" అంటుంది. "సాయం నిరాకరించారు" అని కాగితం మీద రాసేసి మూసేస్తారు. ఫార్సీ పుట్టుకతో వచ్చిన మనిషైతే మూడోసారి అడుగుతుంది. మూడోసారికే కదా కన్నీళ్ళొచ్చేది!

మనకు "సర్దుకుపో" ఎలాగో వాళ్ళకు "బెసూజ్ ఓ బెసాజ్" అలాగట. కాలిపో, సర్దుకో అని. మనవాళ్ళు రెండోది మాత్రమే పైకి అంటారు. వాళ్ళు మొదటిదాన్ని కూడా దాచలేదు, అదొక్కటే తేడా. ఆడపిల్లను పంపేటప్పుడు తెల్లబట్టల్లో వెళ్ళావు, తెల్ల కఫన్‌లోనే తిరిగి రావాలి అనే సామెత కూడా ఉంది. విడాకులకు తెగించిన ఆడది అనేమాట ఇంకొకటి. "మెహ్రమ్ హలాల్, జానమ్ ఆజాద్." మెహర్ అంటే పెళ్ళిలో మొగుడు రాసిచ్చిన సొమ్ము, ఎక్కువగా బంగారు నాణేలు. అదంతా వదిలేసుకున్నా, నా ప్రాణం నన్ను వదిలేయండి అని. ఈ మాట ఒకావిడ ఏడుస్తూ అంటే, సంగతి తెలియని దుబాసీ "నాకు డబ్బు అక్కర్లేదంటోంది" అని చెబుతాడు. ఏమైనట్టు? మాట తప్పు కాదు, ఆవిడ మాత్రం గల్లంతు.

దుబాసీ మగవాడైతే? ఆ ఊళ్ళో ఉన్న నాలుగు కుటుంబాల్లో మొగుడికి తెలిసినవాడైతే? పడకగదిలో జరిగింది ఏమని చెబుతుందమ్మా? ఆవిడ కాబూలు మనిషై, దుబాసీ తెహరాన్ మనిషైతే మళ్ళీ ఇంకో చిక్కు. భాష ఒకటే, యాస వేరు. మన తెలుగులో మాత్రం ఒక జిల్లా యాసను చూసి ఇంకో జిల్లావాళ్ళు నవ్వరూ? ఏడవడానికి వెళ్ళిన చోట యాసకు భయపడాలా?

"ఫోనులో అనువాదం చేసే యంత్రం ఉందిగా" అన్నాడు మా అల్లుడు. ఉంది. ఆ ఫోను రాత్రిపూట మొగుడి చేతిలో ఉంటుంది నాయనా! పైగా ఫార్సీలో అతడికీ ఆమెకూ ఒకటే మాట, "ఊ". "ఊ నన్ను కొట్టింది" అంటే మొగుడా, అత్తగారా, ఆడపడుచా? యంత్రం తనకు తోచింది వేసేస్తుంది. పోలీసు కాగితంలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే కోర్టులో ప్లీడరు వదులుతాడా?

ఇంగ్లీషు ఒక్కటే వస్తే చాలనుకునేవాళ్ళకు బనాజ్ మహ్మోద్ సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఇరాకీ కుర్దు, ఫార్సీ మనిషి కాదు. పెరిగింది లండన్‌లో, ఇంగ్లీషు చక్కగా వచ్చు. అరేంజి చేసిన పెళ్ళిలో దెబ్బలు భరించలేక బయటికొచ్చి, తను మెచ్చినవాణ్ణి ప్రేమించింది. 2005 డిసెంబరులో తనను చంపబోతున్నవాళ్ళ పేర్లు రాసి పోలీసులకిచ్చింది. ఆ నెల ఆఖరి రాత్రి తండ్రి చంపబోతే చేతులతో పొరుగింటి అద్దం పగలగొట్టుకుని పారిపోయింది. అక్కడికొచ్చిన ఆడపోలీసు ఇదంతా నాటకమనుకుంది. పైగా అద్దం పగలగొట్టినందుకు కేసు పెట్టాలా అని ఆలోచించింది! 2006 జనవరి 24న చంపేశారు. ఇరవయ్యేళ్ళది. తండ్రికీ పినతండ్రికీ 2007లో యావజ్జీవం పడింది గాని, ఏం లాభం? మాటలు అర్థమయ్యాయి, పరువు పేరుతో సొంత కుటుంబమే చంపుతుందన్న సంగతి అర్థం కాలేదు.

ఆ సంగతి తెలిసినవాళ్ళు లండన్‌లో ఉన్నారు. ఇరాన్ నుంచి వచ్చిన డయానా నమ్మీ అనే ఆవిడ 2002లో ఇరానీ, కుర్దు మహిళల హక్కుల సంస్థ ఒకటి పెట్టింది. ఫార్సీ, దరీ, కుర్దిష్, అరబిక్ ఇలా ఎవరి భాషలో వాళ్ళతో మాట్లాడే ఆడవాళ్ళు అక్కడ ఉంటారు. దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు ఎరిన్ పిజీ లండన్ చిజిక్‌లో తలుపు తెరిచింది 1971లో. అయినా 1979లో సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ మళ్ళీ ఎందుకు పుట్టవలసి వచ్చింది? మొదటి తలుపు అందరికీ తెరిచే ఉన్నా, కొందరికి ఆ గడప అందలేదు కనక. ఇలాంటి చిన్న సంస్థలకు ఏటేటా నిధులకోసం చేతులు చాచడమే ఒక పని. తక్కువ ఖర్చులో అందరికీ ఒకటే చాలుననే పెద్దమనుషులు మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గరే కాదు, నిధులు పంచే బల్లల దగ్గరా కూచుంటారు.

డబ్బు మాట వచ్చింది కనక ఇదీ చెప్పాలి. మొగుడి వీసా మీద వచ్చిన భార్యకు ప్రభుత్వ సాయం అందదని వీసా మీదే షరతు. ఆశ్రయ గృహంలో గది అద్దె చాలామట్టుకు ఆ సాయంలోంచే కడతారు. సాయం లేని మనిషికి గది ఎవరిస్తారు? సౌతాల్ వాళ్ళలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరితే 2012లో ఒక సడలింపు వచ్చింది. హింసవల్ల బయటపడ్డ భార్యకు మూడునెలలు సాయం, ఈలోగా అక్కడే స్థిరపడడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరిలో దాని పేరు మార్చి, ఉద్యోగాల వీసా, చదువుల వీసాల మీద వెళ్ళినవాళ్ళ భార్యలకూ ఆ మూడునెలల సాయం ఇచ్చారు. స్థిరపడే హక్కు మాత్రం వాళ్ళకివ్వలేదు. మన గుంటూరు, కరీంనగర్ ఆడపిల్లలు ఎక్కువగా వెళ్ళేది ఏ వీసాల మీదో మీకు తెలుసు. ఈ మూడునెలల సంగతి వాళ్ళకు ఎంతమంది తల్లులు చెప్పి పంపారు? పచ్చళ్ళు మాత్రం మూడేసి కిలోలు కట్టాం.

ఖానుమ్ సంగతి చెప్పలేదు కదూ. నేను గోల పెడితే "మనకెందుకమ్మా" అని మొదట విసుక్కున్న మా అమ్మాయే, నాలుగోరోజు ఫార్సీ మాట్లాడే ఆడవాళ్ళున్న ఒకచోటికి ఫోను చేసింది. వాళ్ళు ముందు చెప్పినవన్నీ వద్దులే. పోస్టుపెట్టెలో కాగితం వేయొద్దు, ఆవిడ ఫోనుకు మెసేజి పెట్టొద్దు, ఆయన్ని నిలదీయొద్దు. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు మీ ఫోను చేతికివ్వండి, చాలు అన్నారు.

మర్నాడు గిన్నె ఇవ్వడానికి పైకొస్తే వంటింట్లో కూచోబెట్టి ఫోను ఇచ్చాం. ఆవిడ బిక్కమొహం వేసుకుని చెవిదగ్గర పెట్టుకుంది. అవతలినుంచి ఒక ఆడగొంతు "సలామ్, ఖానుమ్" అంది. అంతే. పొయ్యిపక్కన నేలమీద చతికిలబడి, గంటసేపు మాట్లాడింది. రెండేళ్ళ మాటలు. నా పోపు మాడిపోయింది, నేను లేవలేదు. మధ్యలో "ఫర్యాద్" అన్న మాట విని ఉలిక్కిపడ్డాను. మన ఫిర్యాదు! తరవాత ఆవిడే అభినయించి చెప్పింది. వాళ్ళ భాషలో ఫర్యాద్ అంటే కాగితం కాదు, గొంతు చించుకుని అరవడం. వాళ్ళ దగ్గర కేకగా ఉన్నది మన దగ్గరికొచ్చి అర్జీ అయిపోయింది.

మూడువారాల తరవాత ఒక పొద్దున పిల్లాణ్ణి బడికి తీసుకెళ్తున్నట్టే వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆ వారంలోనే పెద్దమనిషి గారి భోజనం.

నేను హైదరాబాదు వచ్చేశాక, సంక్రాంతి ముందు మా అమ్మాయి ఫోనులో ఆవిడను కలిపింది. ఎక్కడున్నావని నేను అడగలేదు. ఆ ఇళ్ళ చిరునామా ఎవరూ అడగకూడదట. ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్నానంది. పెద్దమనిషి గారు గమనించాలి. లాయరు దగ్గరికి వెళ్తున్నానంది. లండన్ కోర్టు విడాకులిచ్చినా ఇరాన్‌లో నమోదు కానంతకాలం అక్కడి కాగితాల్లో తను అతని భార్యేనట, ఆ చిక్కు కూడా వాళ్ళే చూస్తున్నారట. నా మనసులో మాత్రం ఆ గోడను తన్నిన బూటుకొనే తిరుగుతోంది. లాయరు దగ్గర కూడా పిల్లాడే చెబుతున్నాడా అని అడిగాను.

"నో, నో" అంది నవ్వుతూ. "ఫార్సీ లేడీ కమ్. బాయ్, అవుట్‌సైడ్. హీ ప్లే. ఐ టాక్."